గీజరులో పెరిగే సున్నపురాయి

గీజరు విప్పిన ప్లంబరు మొదట బయటికి లాగేది కాయిల్‌నే. బిగించిన రోజు రాగి రంగులో నిగనిగలాడిన ఆ సన్నటి గొట్టం, కొన్నేళ్లు బోరు నీళ్లలో నానాక లావెక్కి, ఒళ్లంతా తెల్లటి పెచ్చులు కట్టి ఉంటుంది. కొన్నిసార్లు అది బయటికే రాదు. పెచ్చు మందమెక్కి, లోపలికి దూరిన రంధ్రంలోంచే వెనక్కి పట్టదు. ట్యాంకు అడుగున రాలిపడిన పెచ్చులనైతే గుప్పెళ్లతో ఎత్తిపోయాలి. ఆ పెచ్చులో ముఖ్య పదార్థం కాల్షియం కార్బొనేట్. మాచర్లలోనూ తాడిపత్రిలోనూ సిమెంటు కోసం తవ్వే సున్నపురాయిలో ఉండేదీ అదే. క్వారీలో పేల్చి తీయాల్సిన రాయి, స్నానాల గదిలో గోడకు బిగించిన డబ్బాలో చడీచప్పుడూ లేకుండా తయారైంది.

ఎంత తయారుకాగలదో లెక్కవేయడం కష్టం కాదు. నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియంలను కలిపి, అదంతా కాల్షియం కార్బొనేటే అయితే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు ఉండేదో చెప్పే అంకెను కఠినత అంటారు. కఠినత 400 ఉన్న నీళ్లు రోజుకు 60 లీటర్ల చొప్పున గీజరు గుండా పోతే, వాటితోపాటు రోజుకు 24 గ్రాముల సున్నపు సరుకు లోపలికి వస్తుంది. ఏడాదికి ఎనిమిది కిలోల పైమాటే. అందులో అధిక భాగం వేడినీళ్లతో కలిసి బకెట్లోకి వెళ్లిపోతుంది. పదో వంతు లోపల ఆగినా చాలు, ఒక శీతాకాలం నుంచి మరో శీతాకాలానికి ముప్పావు కిలోకు పైగా పెచ్చు చేరుతుంది.

ఇంతకీ 400 కఠినత ఉన్న నీళ్లు చెడ్డవా? భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం కఠినత 200 లోపు ఉంటే మంచిది. వేరే నీటి వసతి లేనిచోట 600 దాకా అంగీకరించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే కఠినతకు ఆరోగ్యరీత్యా పరిమితే పెట్టలేదు. కాల్షియం, మెగ్నీషియం ఒంటికి కావలసినవే. అంటే తాగే మనిషికి పడే నీళ్లే కాచే యంత్రానికి పడకపోవచ్చు. ఈ రెండు సంగతులనూ విడదీసి చూడకపోవడం వల్లే చాలా ఇళ్లలో అనవసరమైన భయమూ, అవసరమైన చోట నిర్లక్ష్యమూ రెండూ కనిపిస్తాయి.

కథ వానతో మొదలవుతుంది. వాన చినుకులో సున్నం ఉండదు. గాలిలోంచి కాస్త, నేలలో ఇంకేటప్పుడు మరింత కార్బన్ డయాక్సైడును అది కలుపుకుంటుంది. వేళ్లూ సూక్ష్మజీవులూ ఊపిరి పీల్చే మట్టిలో ఆ వాయువు పై గాలిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అలా నీరు బలహీనమైన ఆమ్లంగా మారి, దారిలో తగిలిన సున్నపురాయిని బైకార్బొనేటు రూపంలో కరిగించుకుంటుంది. పల్నాడు, కడప, కర్నూలు ప్రాంతాల్లో నేల కిందనే సున్నపురాయి పొరలున్నాయి కాబట్టి అక్కడి బోరు నీళ్ల సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. హైదరాబాద్ కింద ఉన్నది సున్నపురాయి కాదు, గ్రానైటు. అయినా అక్కడి బోర్లలోనూ కఠిన జలమే ఎక్కువ. గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు శిథిలమవుతూ కాల్షియాన్ని వదులుతాయి. పైగా వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉండే తెలంగాణ నేలల్లో నీరు ఆవిరైన చోట సున్నపు గుల్లలు పొరలుగా పేరుకుని ఉంటాయి. బోరు లోతుకు పోయేకొద్దీ ఆ నీరు రాతి పగుళ్లలో ఎంతో కాలం నిలిచి ఉన్నదై ఉంటుంది. ఎంత నిలిస్తే అంత కరిగించుకుంటుంది. గోదావరి కాలవ నీళ్లకు అలవాటుపడి వచ్చిన కుటుంబానికి, ట్యాంకరు మీద బతికే హైదరాబాద్ శివారు ఫ్లాటులో మొదటి స్నానంతోనే తేడా తెలిసిపోతుంది. సబ్బు నురగ కట్టదు. జుట్టు బిరుసెక్కుతుంది.

అరకు దారిలో బొర్రా గుహల కప్పు నుంచి వేలాడే సున్నపు స్తంభాలు ఈ కథకు రెండో సగం. కరిగించుకొచ్చిన నీరు గుహలోకి రాగానే కార్బన్ డయాక్సైడును గాలిలోకి వదిలేస్తుంది. అది పోగానే సున్నం కరిగి ఉండలేక మళ్లీ రాయి అవుతుంది. గుహలో వేల ఏళ్లు పట్టే ఈ పనిని గీజరు వేడి నిమిషాల్లో చేయిస్తుంది. చక్కెర వేడినీళ్లలో ఎక్కువ కరుగుతుంది. కాల్షియం కార్బొనేట్ దీనికి పూర్తిగా విరుద్ధం. వేడెక్కేకొద్దీ దాని కరిగే గుణం తగ్గుతుంది, కరిగించి ఉంచే వాయువూ పారిపోతుంది. 60 డిగ్రీలు దాటాక ఈ పని జోరందుకుంటుంది. గీజరులో అన్నిటికంటే వేడిగా ఉండేది కాయిల్ ఉపరితలమే కనుక మొదటి పొర అక్కడే పడుతుంది, దాని మీద రెండోది.

మరిగిస్తే ఇలా విడిపోయే దాన్ని తాత్కాలిక కఠినత్వం అంటారు. సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం మరిగించినా పోవు. అది శాశ్వత కఠినత్వం. గీజరుకు తక్షణ శత్రువు మొదటిదే.

కాయిల్ ఎందుకు కాలిపోతుందో కొంచెం వివరంగా చూడటం మంచిది, ఎందుకంటే ఈ విషయంలో ప్రచారంలో ఉన్న మాటలు చాలా వరకు తప్పు. రాగి లేదా ప్రత్యేక మిశ్రలోహంతో చేసిన గొట్టం మధ్యలో నైక్రోమ్ తీగ ఉంటుంది. తీగకూ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడు పొడిని గట్టిగా దట్టించి ఉంచుతారు. అది వేడిని పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. రెండు కిలోవాట్ల కాయిల్‌కు నీటిని తాకే ఉపరితలం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ప్రతి చదరపు సెంటీమీటరు నుంచి 10 వాట్ల వేడి బయటికి పోవాలి. రాగి వేడిని ఎంత తేలిగ్గా దాటిస్తుందో, సున్నపు పెచ్చు అందులో కొన్ని వందల వంతు మాత్రమే దాటించగలదు. ఒక్క మిల్లీమీటరు పెచ్చును దాటి ఆ 10 వాట్లూ బయటపడాలంటే పెచ్చుకు అటూ ఇటూ దాదాపు 50 నుంచి 100 డిగ్రీల తేడా ఉండాలి. నీళ్లు 60 డిగ్రీల దగ్గరే ఉంటాయి; గొట్టం మాత్రం 110 నుంచి 160 డిగ్రీలకు చేరుతుంది. పెచ్చు మూడు మిల్లీమీటర్లయితే గొట్టం ఎంత వేడెక్కుతుందో ఊహించవచ్చు. రోజూ ఇలా కాగి చల్లారే లోహం ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. చిట్లిన చోట నీరు దూరి మెగ్నీషియం ఆక్సైడు తడుస్తుంది, కరెంటు నీటిలోకి లీకవుతుంది. స్విచ్చి వేసిన మరుక్షణం ట్రిప్ అవడమన్నది చాలాసార్లు ఇందువల్లే. ఎర్తింగు సరిగా లేని ఇంట్లో ఇది ప్రాణాంతకం కూడా. ట్రిప్ అయితే మళ్లీ మళ్లీ వేసి చూడకుండా గీజరును విప్పించాలి.

అయితే పెచ్చు పట్టిన గీజరు కరెంటు బిల్లును విపరీతంగా పెంచుతుందన్న మాట నిలబడదు. కాయిల్ నీళ్లలో మునిగి ఉంటుంది. అందులో పుట్టిన వేడి, ఆలస్యంగానైనా, ఆ నీళ్లలోకే పోవాలి. మరో దారి లేదు. గ్యాస్ గీజరు సంగతి వేరు. అక్కడ మంట బయట, నీరు రాగి గొట్టం లోపల. గొట్టం లోపలి గోడకు పెచ్చు పడితే మంట వేడి లోపలికి పోలేక పొగతోపాటు బయటికి పోతుంది. అమెరికాలో బాటెల్ పరిశోధన సంస్థ 2009లో ఈ రెండు రకాల హీటర్లనూ కఠిన జలంతో పరీక్షించింది. గ్యాస్ హీటర్ల సామర్థ్యం పడిపోయింది, కరెంటు హీటర్లది పడిపోలేదు. ఆ పరీక్షకు డబ్బు పెట్టింది నీటి శుద్ధి పరిశ్రమ సంఘమే. అయినా వారి అమ్మకాలకు కలిసిరాని రెండో ఫలితాన్ని కూడా నివేదికలో ఉన్నదున్నట్టు రాశారు. కరెంటు గీజరు ఉన్న ఇల్లు నష్టపోయేది బిల్లులో కాదు, మార్చే కాయిళ్లలోనూ తగ్గే ఆయుష్షులోనూ.

మిగతా యంత్రాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది: నీరు ఎక్కడ వేడెక్కితే, ఎక్కడ ఆవిరైతే అక్కడే పెచ్చు. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌లో డ్రమ్ము కింద హీటరు ఉంటుంది కాబట్టి వేడినీటి వాష్ ఎంత ఎక్కువ వాడితే అంత ముప్పు. హీటరు లేని టాప్ లోడ్ మెషీన్‌కు నీరు వచ్చే పైపు దగ్గరి జల్లెడ పూడుకుపోవడమే పెద్ద బెడద. స్టీమ్ ఇస్త్రీపెట్టెలో నీరు మొత్తం ఆవిరైపోతుంది, కాబట్టి లోపలికి పోయిన సున్నమంతా రంధ్రాల దగ్గరే ఉండిపోయి, ఓ రోజు తెల్ల చొక్కా మీద పొడిగా రాలుతుంది. షవరు రంధ్రాలు పూడటం, కుళాయి మూతిలోని జల్లెడ మూసుకుపోవడం అందరికీ తెలిసినవే. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ బదులు పంపు నీళ్లు పోస్తే జరిగేది వేరే నష్టం. అక్కడ పెచ్చు కంటే నీటిలోని క్లోరైడ్లు, ఇనుము ప్లేట్లను దెబ్బతీస్తాయి.

ఎయిర్ కూలరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగునాట వేసవిలో లక్షల ఇళ్లలో నడిచే యంత్రమిది, దాని పనే నీటిని ఆవిరి చేయడం. కరిగిన లవణాలు లీటరుకు ఒక గ్రాము ఉన్న నీళ్లు రోజుకు 40 లీటర్లు ఆవిరైతే 40 గ్రాముల ఖనిజం తొట్టిలోనూ గడ్డి మీదా మిగులుతుంది. తొట్టిలోని పాత నీళ్ల మీదే కొత్త నీళ్లు పోస్తూ పోతే వారం తిరిగేసరికి ఆ నీరు మొదటికంటే ఎన్నో రెట్లు చిక్కనవుతుంది. రెండు మూడు రోజులకోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి నింపడం ఒక్కటే మందు. దానికి ఖర్చు లేదు. చాలామంది చేయనిదీ అదే.

డాబా మీది సోలార్ హీటర్లలో ఫ్లాట్ ప్లేట్ రకానికి సన్నటి రాగి గొట్టాలుంటాయి. కఠిన జలంలో అవి కొన్నేళ్లకే పూడుకుపోతాయి. వెడల్పాటి గాజు గొట్టాల రకం కొంత ఎక్కువ తట్టుకుంటుంది, అదీ ఏడాదికోసారి కడిగితేనే.

పెచ్చుకు ముందు జనాన్ని ఇబ్బంది పెట్టినది సబ్బు. కఠినత 300 ఉన్న లీటరు నీటిలోని కాల్షియం, నురగ రాకముందే దాదాపు 1.8 గ్రాముల సబ్బును పట్టుకుని తెల్లటి మడ్డిగా మార్చేస్తుంది. 15 లీటర్ల బకెట్లో అయితే 27 గ్రాములు వృథా. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో రసాయన శాస్త్రం బోధించిన థామస్ క్లార్క్ ఈ ఇబ్బందినే కొలమానంగా మార్చుకున్నాడు. ఎంత సబ్బు పోస్తే నిలిచే నురగ వస్తుందో చూసి కఠినత చెప్పాడు. 1841లో ఆయన పేటెంటు పొందిన మెత్తబరిచే పద్ధతి వింటే మొదట నమ్మబుద్ధి కాదు: సున్నం ఎక్కువున్న నీళ్లలో ఇంకా సున్నం కలపడం. తడిసున్నం నీటిలోని బైకార్బొనేటుతో కలిసి రెండూ సున్నపురాయిగా అడుక్కు దిగిపోతాయి. పెద్ద నీటి శుద్ధి కేంద్రాలు నేటికీ ఈ పద్ధతి వాడుతున్నాయి.

మన పల్లెల్లో రజకులు చవుడు మట్టి నీళ్లలో బట్టలు నానబెట్టి ఉబ్బ వేసేవారు. చవుడులో సోడియం కార్బొనేటు ఉంటుంది, అంటే చాకలి సోడా. అది కాల్షియాన్ని ముందే విడగొట్టి బట్ట మీద మడ్డి పట్టకుండా చేస్తుంది. నేటి డిటర్జెంటు పొడులలో కలిపే సోడా చేసే పనీ అదే. బురద నీటిని తేర్చే పటికకు, చిల్లగింజకు మాత్రం ఈ శక్తి లేదు. అవి మట్టిని దించుతాయి, కరిగిన సున్నాన్ని తాకలేవు. అద్దంలా తేరిన బావి నీళ్లలో కందిపప్పు ఎంతకీ ఉడకకపోవడానికి కారణం ఇదే: పప్పులోని పెక్టిన్‌ను కాల్షియం గట్టిగా బిగించేస్తుంది. చిటికెడు వంట సోడా వేస్తే ఉడుకుతుంది గానీ పప్పులోని బి1 విటమిన్ కొంత నశిస్తుంది. తాగడానికి పెట్టుకున్న మెత్తటి నీళ్లలో పప్పు పెట్టడం మేలు.

కఠిన జలం అన్న అనుమానం రాగానే ఇంటికి వచ్చే అమ్మకందారు జేబులోంచి తీసేది టీడీఎస్ పెన్ను. అది కొలిచేది నీటిలోని మొత్తం లవణాలను, ఉప్పు, సోడియం అన్నీ కలిపి. అందులో కాల్షియం వాటా ఎంతో అది చెప్పలేదు. మరికొందరు గ్లాసు నీళ్లలో ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. నీరు తుప్పు రంగుకు తిరుగుతుంది, చూసేవారు హడలిపోతారు. ఆ రంగు నీటిలోది కాదు, కడ్డీల్లోని ఇనుముది. ఆర్వో నీళ్లలో లవణాలు లేక కరెంటు సరిగా పారదు కాబట్టి అది తెల్లగానే ఉంటుంది. ఇది పరీక్ష కాదు, మోసం. కఠినతకు సరైన పరీక్ష స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త గెరోల్డ్ ష్వార్జెన్‌బాక్ 1940లలో రూపొందించిన ఈడీటీఏ పద్ధతి. కాలేజీ ల్యాబుల్లో ద్రాక్ష రంగు నీలంగా మారే దాకా చుక్కలు లెక్కపెట్టిన వారికి ఇది పరిచయమే. అదే పద్ధతిలో చుక్కలు లెక్కపెట్టే చిన్న కిట్లు దొరుకుతాయి. కృష్ణా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు ఒకే సంపులో కలిసే అపార్టుమెంట్లలో కఠినత ఎండాకాలంలో ఒకలా, వానాకాలం తర్వాత మరోలా ఉంటుంది. రెండు కాలాల్లోనూ కొలవాలి.

ఇక చేయదగ్గవి. గీజరు థర్మోస్టాట్‌ను 75 మీద కాకుండా 55, 60 మధ్య ఉంచి, రోజంతా ఆన్‌లో వదలకుండా ఉంటే పెచ్చు కట్టే వేగం బాగా తగ్గుతుంది. కెటిల్, షవరు తల వంటివాటికి నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లు చాలు. బుడగలు వస్తూ పెచ్చు కరుగుతుంది, ఆ బుడగలు నేలలో వాన నీటిలో కలిసిన కార్బన్ డయాక్సైడే. గీజరు లోపల బాత్రూమ్ యాసిడ్ పోయనివ్వకూడదు. అది పెచ్చుతోపాటు లోహాన్నీ తింటుంది. బ్లీచింగ్ పౌడరుతో ఏ యాసిడ్ కలిసినా విషవాయువు పుడుతుంది. కాయిల్ తీసినప్పుడే యానోడ్ రాడ్డు చూడాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా దానికి బదులు తాను కరిగిపోయేలా పెట్టిన మెగ్నీషియం కడ్డీ అది. లవణాలు ఎక్కువున్న నీళ్లలో త్వరగా అరిగిపోతుంది. సేఫ్టీ వాల్వుకు పెచ్చు పడితే లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, కాబట్టి దాని మీట ఎత్తి నీరు బయటికి వస్తోందో లేదో చూడటం మరువకూడదు.

ఇవి చాలనప్పుడే సాఫ్టెనర్ మాట. ఇంగ్లండ్‌లో ఆడమ్స్, హోమ్స్ 1935లో తయారుచేసిన కృత్రిమ రెసిన్లు దీనికి దారి వేశాయి. రెసిన్ గుళికలు కాల్షియాన్ని పట్టుకుని దాని బదులు సోడియాన్ని వదులుతాయి. నిండాక ఉప్పునీటితో కడిగితే మళ్లీ పనికొస్తాయి. డిష్‌వాషర్ అడుగున ఉప్పు పోసే గిన్నె ఉండేది ఇందుకే. ఈ మార్పిడిలో టీడీఎస్ తగ్గదు. పైగా 400 కఠినత తీసేస్తే లీటరుకు సుమారు 184 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. రక్తపోటు ఉన్నవారు ఆ నీళ్లు తాగకూడదు, మొక్కలకూ పోయకూడదు.

ఉప్పు లెక్క కూడా చూడాలి. ఓ కుటుంబం వాడే 500 లీటర్ల నీటిలోంచి 400 కఠినత తీయాలంటే సిద్ధాంతరీత్యా రోజుకు 234 గ్రాముల ఉప్పు, ఆచరణలో దానికి రెట్టింపు ఖర్చవుతుంది. వంద ఫ్లాట్ల భవనం నీళ్లన్నీ మెత్తబరిస్తే రోజుకు యాభై కిలోలకు దగ్గరగా ఉప్పు డ్రైనేజీలోకి పోతుంది. డ్రైనేజీ లేని శివారుల్లో అది నేలలోకే ఇంకుతుంది, పక్క బోరులోకే చేరుతుంది. టాయిలెట్ ఫ్లష్‌కూ, మొక్కలకూ, కారు కడగడానికీ మెత్తటి నీళ్లు అక్కరలేదు. భవనం కట్టేటప్పుడే గీజర్లకూ వాషింగ్ మెషీన్లకూ ఒక పైపు లైను, మిగతా వాడకానికి ఇంకొకటి వేస్తే సాఫ్టెనర్ పని సగానికి పైగా తగ్గుతుంది. కట్టేసిన భవనంలో గోడలు పగలగొట్టకుండా గీజరు ముందు చిన్న సాఫ్టెనర్ బిగించుకోవచ్చు, వంటింటి కుళాయిని మాత్రం దాని లైనుకు కలపకూడదు.